ఓడపొత్తు

రంగం నుంచి బయల్దేరిన నాలుగో పడవలో ముప్పయ్యొక్క మంది ఎక్కారు. భీమిలికి ఉత్తరాన ఒడ్డుకు చేరింది ఏడుగురు. దిగినవాళ్ళకి ముందు నీళ్ళిచ్చారు, తర్వాత పొడిబట్టలిచ్చారు, ఆ తర్వాత వరసగా కూర్చోబెట్టి తలొకరి మెడలో ఒక పూస కట్టారు.

రంగమంటే రంగూను. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దవాళ్ళు అలాగే అంటారు. నాలుగైదు తరాల కిందట ధాన్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికీ, రేవుల్లో సరుకు దించడానికీ ఇక్కడి జనం అక్కడికి పోయారు. పోయినవాళ్ళ మునిమనవల్ని ఇప్పుడు ఒకవైపు నుంచి తుపాకులు, మరోవైపు నుంచి పొలాల మీదికి ఎక్కిన సముద్రం తరిమాయి. మాట వింటే మనవాళ్ళే. మన ముత్తవ్వలు మాట్లాడిన మాట, మనం మరిచిపోయిన సామెతలతో సహా వాళ్ళ నోట ఉంది. కాగితాలు చూస్తే మాత్రం పరాయివాళ్ళు. సర్కారుకి చెవులకన్నా కళ్ళ మీద నమ్మకం ఎక్కువ కనక వాళ్ళని తీసుకెళ్ళి మూతపడిన గోనెసంచుల మిల్లులో పెట్టింది.

పూస రేగుపండంత ఉంటుంది. పాలగాజు రంగు. నూలుదారానికి గుచ్చి గొంతు గుంటలో ఆనేలా కట్టాలి. లోపలున్న సన్నటి పొర మనిషి వదిలే ఊపిరిని ఆగకుండా వాసన చూస్తూ ఉంటుంది. మూడు రోజుల తర్వాత కూడా తెల్లగానే ఉంటే ఆ మనిషికి క్షయ లేనట్టు. ఎర్రబడితే ఉన్నట్టు. తెల్లపూసలు విప్పి, కడిగి, తర్వాతి పడవ వాళ్ళకి కడతారు. ఎర్రపూస మాత్రం మెడలోనే ఉంటుంది. మందు మొదలుపెట్టాక, ఆ మందు ఒంట్లో కలిసి ఊపిరిలోకి వచ్చిన రోజున పూస పచ్చబడుతుంది. మానేస్తే మళ్ళీ ఎరుపు. ఎవరి పూస ఏ రంగులో ఉందో విశాఖపట్నంలో ఒక తెర మీద వరసలు వరసలుగా కనిపిస్తుంది. అడగక్కర్లేదు, వెళ్ళక్కర్లేదు.

నాలుగో పడవ ఏడుగురిలో ఒక్క పూసే ఎర్రబడింది. అది సన్నెమ్మది. తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి అప్పలకొండ ఆ రంగు చూసి, కుంకుమ బొట్టులా ఉందని ముందు ముచ్చటపడిందట. తర్వాత దాని అర్థం చెప్పారు.

*

పూస కనిపెట్టినవాడి పేరు అసిరినాయుడు. టెక్కలి దగ్గర పల్లె. తండ్రి జీడితోటకి కాపలా. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో అతనికే క్షయ వచ్చింది. ఆరు నెలల పాటు ఆరోగ్యకేంద్రం వసారాలో నిలబడి, నర్సమ్మ ముందు మాత్రలు మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. నిజంగానే మింగాడో, బుగ్గన దాచి బయట ఉమ్మేస్తాడో తెలియాలి కదా. ఎదురుగానే బస్సులు ఆగే చోటు. ఒకరోజు, నోరు తెరిచి పళ్ళు చూసి గొడ్ల వయసు కట్టే బేరగాడొకడు అక్కణ్ణించే కేకేశాడు.

"ఏటమ్మా, ఎన్ని పళ్ళేసినాడు?"

బస్సు కోసం నిలబడ్డ జనమంతా నవ్వారు. రోగం ఆరు నెలల్లో పోయింది. ఆ నవ్వు పోలేదు. పెద్ద చదువులు చదివి, విశాఖలో సొంత ప్రయోగశాల నడిపే స్థాయికి వచ్చాక కూడా, ఎవరైనా గట్టిగా నవ్వితే అతని నోరు తనంతట తానే మూసుకుపోయేది. రోగిని నిలబెట్టి పరీక్ష చేసే ఆ ఆనవాయితీని భూమ్మీద లేకుండా చెయ్యాలన్నది అతని పంతం. పూస పుట్టింది అందులోంచే.

పూస రాగానే మిల్లులో ఇంటింటికీ తిరిగే పని ఆగిపోయింది. ఆ పని చేసే మనిషి గవరమ్మ. ఇరవై రెండేళ్ళుగా సంచిలో మందులేసుకుని గుమ్మాలెక్కిన మనిషి. ఆమెను గేటు దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టారు. నెలకోసారి మందు అట్టలు పంచితే చాలన్నారు. బరువు తూచే యంత్రం కూడా మూలపడింది.

"నాకు కాళ్ళనొప్పి తగ్గుతాదిలే గానీ బాబూ, ఇంట్లోకి ఎల్లకుండా రోగం ఎలాగ తెలుస్తాది? పొయ్యి మీద ఏటున్నాదో, మూల ఎవులు ముడుసుకుని పడుకున్నారో సూడాలి గదా," అంది గవరమ్మ, అసిరినాయుడు పూసల పెట్టెలు దింపించడానికి వచ్చిన రోజున.

"అవన్నీ పూస చూసుకుంటుంది పిన్నీ."

"పూసకి ముక్కే ఇచ్చినావు. కళ్ళు ఇవ్వనేదు."

ఆ మాట అతనికి తెగ నచ్చింది. ఢిల్లీలో ఒక సభలో చెప్పాడు కూడా. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరొకరి మీద కనక అతనూ నవ్వాడు.

సన్నెమ్మను మొదటి పదిహేను రోజులు వేరే గదిలో ఉంచి నర్సులే మందు వేశారు. దగ్గు తగ్గింది, పూస పచ్చబడింది. పిల్లను తల్లికి అప్పగించారు. గేటు దగ్గర గవరమ్మ నెలకు సరిపడా అట్టలు అప్పలకొండ ఒళ్ళో పెట్టి, రోజూ పొద్దున్నే పరగడుపున మూడేసి మాత్రలు, ఒక్క పూట కూడా తప్పకూడదని చెప్పింది. అప్పలకొండ మాత్రలు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, ఒక్కటే అడిగింది.

"మరవకుండా పెడితే నా గుంట బతుకుతాదా?"

"మరవకుండా ఏసుకున్నోళ్ళు సచ్చిపోగా నాను సూణ్ణేదు," అంది గవరమ్మ.

అప్పలకొండ మరవలేదు.

*

సన్నెమ్మ ఇంకా నర్సుల గదిలో ఉండగానే ప్రయోగశాలకి ఒక చిక్కు వచ్చిపడింది. సముద్రపు గాలికో, ఎండుచేపలు కాల్చిన పొగకో తెలియదు గానీ, మందు సరిగ్గా మింగినవాళ్ళ పూసలు కొన్ని ఎర్రగా తిరిగాయి. ఎర్రపూసవాళ్ళని గేటు దాటనివ్వకూడదని మిల్లు కాపలావాళ్ళకి ఆజ్ఞ. అలా ఆగిపోయిన వాళ్ళలో రొయ్యల షెడ్డుకి పనికి వెళ్ళే ఒక విధవరాలు ఉంది. నాలుగు రోజుల కూలీ పోయాక, ఎవరినో పట్టుకుని అసిరినాయుడితో ఫోనులో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మింగినానని ఏ దేవుడి మీదైనా ఒట్టేస్తాను బాబూ. నీ పూసకి ఒట్టు తెలవదు గదా."

అతనికి ఆ రోజు అన్నం సయించలేదు. మనుషుల్ని అవమానం నుంచి తప్పించాలని చేసిన వస్తువే అవమానం చేస్తోంది. మర్నాడు పూస కొలతను కిందికి దించాడు. అంతవరకూ పూర్తి మోతాదు ఊపిరిలో పలికితేనే పచ్చ. ఇక నుంచి మందు జాడ ఆవగింజంత తగిలినా పచ్చే.

అతని కింద పనిచేసే ఇందుమతి కాస్త నసిగింది. సగం మోతాదు వేసుకున్నా పచ్చే చూపిస్తుంది కదా సార్ అంది.

"మందు మింగేవాడు మింగుతాడు, మింగనివాడు మింగడు," అన్నాడు అసిరినాయుడు. "సగం మింగేవాడు ఎవడుంటాడు ఇందూ?"

ఆమెకూ ఎవరూ తోచలేదు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ తెలిసిన మనుషుల్లో సగం మందు మింగేవాళ్ళు లేరు.

ఆ తర్వాత తెర మీద ఫిర్యాదులు లేవు. వరసలన్నీ పచ్చగా, ఆకుమడిలా ఉన్నాయి. అన్నిటిలోకీ సన్నెమ్మ వరస అందంగా ఉంది. మధ్యలో ఒక్క ఎర్రచుక్క లేకుండా నూటపద్దెనిమిది రోజులు. పొద్దున్న ఆఫీసుకు రాగానే అసిరినాయుడు ముందు ఆ వరస చూసుకునేవాడు. ఆ తల్లికి దణ్ణం పెట్టాలనిపించేది. అలాంటి తల్లినీ పిల్లనీ కళ్ళారా చూడాలని ఒక ఆదివారం నాడు జీళ్ళ పొట్లం కొనుక్కుని మిల్లుకు వెళ్ళాడు.

*

నాలుగో పడవ వాళ్ళది మగ్గాల షెడ్డులో ఒక మూల. గోనెపట్టాలు కట్టి గదిలా చేసుకున్నారు. మిల్లు గుమాస్తా వాళ్ళని ఒకే కుటుంబం కింద రాసుకున్నాడు గానీ వాళ్ళలో నెత్తుటి చుట్టరికం ఉన్నది తల్లీకూతుళ్ళకీ, ఇద్దరు అన్నదమ్ములకీ, వాళ్ళ మేనత్తకీ మాత్రమే. మిగిలినవాళ్ళు ఒక వంటమనిషి, డెబ్భై ఏళ్ళ దానయ్య. పడవకు చుక్కాని పట్టినవాడు దానయ్యే. ఇక్కడా పెద్ద అతనే.

అసిరినాయుడు గోనెపట్టా ఎత్తగానే సన్నెమ్మ లేచి నిలబడింది. పూసలు చేసినాయన వస్తున్నాడని ముందే కబురు అందింది.

"నివ్వేనేటి పూసమావవి?"

"నేనే."

"నాది సూడు. ఒక్కపూట కూడా వాడిపోనేదు."

మెడ ఎత్తి చూపించింది. అతను ముందు పూసనే చూశాడు. లేత వేపాకు రంగులో నిగనిగలాడుతోంది. తర్వాత పిల్లను చూశాడు. గొంతు గుంట లోతుగా పోయి పూస అందులో కూరుకుని ఉంది. చేతిగాజులు జారకుండా మోచెయ్యి దాకా ఎక్కించుకుంది. మాట్లాడినప్పుడల్లా చిన్నగా దగ్గి, ఆ దగ్గును కొంగులో మూటకట్టినట్టు గౌనులో దాస్తోంది. పిల్లలు పెరిగేటప్పుడు సన్నబడతారు లెమ్మని అతని బుర్ర ఒక సాకు వెతికి ఇచ్చింది.

జీళ్ళ పొట్లం చేతికిచ్చాడు. పిల్ల విప్పలేదు. వాసన మాత్రం చూసి, తీసుకెళ్ళి దానయ్య ముందు పరిచిన గుడ్డ మీద పెట్టింది. దానయ్య పొట్లం విప్పి జీళ్ళు ఎనిమిది కుప్పలు పోశాడు. మిగిలిన ఒక్క జీడిని పళ్ళతో తుంపి మరీ సర్దాడు. ఎనిమిదో కుప్ప అసిరినాయుడిది.

"పిల్లకని తెచ్చాను తాతా, మొత్తం పిల్లకే ఇవ్వండి."

"అలాగ కాదు బాబూ," అన్నాడు దానయ్య. "మాది ఓడపొత్తు. నీటి మీద ఇరవైమూడు రోజులున్నాం. కొబ్బరిచిప్పెడు నీళ్ళుంటే అందరం తలో సుక్కా తాగినాం. ఎక్కువ తాగినోడు ఒక్కుడూ నేడు, తాగనోడు ఒక్కుడూ నేడు. అందుకే ఈ ఏడుగురమైనా మిగిలినాం. ఒడ్డుకొచ్చీసినాం గదా అని పొత్తు తప్పితే, నీట్లో పోయినోళ్ళకి ఏటని సెప్పుకుంటాం?"

అసిరినాయుడి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా అనుకున్నాడు. ఈ సంగతి కూడా సభలో చెప్పాలనుకున్నాడు.

ఈలోగా అప్పలకొండ పొయ్యి మీంచి దాక దింపింది. ఎనిమిది చిప్పలు వరసగా పెట్టి గంజి పోసింది. పోసేటప్పుడు చిప్ప చిప్పకీ మట్టం చూసుకుంది. ఒకదాంట్లో ఎక్కువనిపిస్తే గరిటెతో తీసి పక్కదాంట్లో వేసింది. మొదటి చిప్ప చుట్టానికి ఇచ్చింది.

గంజి ఎర్రమట్టి నీళ్ళ రంగులో ఉంది. ఆ రంగు అతనికి తెలుసు. ఆరు నెలల పాటు తన మూత్రం అదే రంగులో పోసుకున్నవాడు ఆ రంగును మరిచిపోడు.

"ఇందులో ఏం కలిపావమ్మా?"

"గుంట మందు బాబూ. మూడు మాత్రలూ మెత్తగా నూరి కలిపీసినాను. సేదుగా ఉంటాది గానీ మంచిది. సుక్క ఒలకనివ్వను."

"అందరికీనా?"

అప్పలకొండకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అందరం ఒక్క గాలి పీల్చినవాళ్ళమే కదా, రోగం లోపల నిద్రపోతా ఉంటాదని గేటు కాడ మీవాళ్ళే చెప్పారు కదా, అందరికీ పనికొస్తుంది కదా అంది. మొదటి నెల నుంచీ ఇలాగే చేస్తున్నానని, పూస ఒక్కనాడూ వాడిపోలేదని, కావలిస్తే చూసుకోమని అంది. ఆమె గొంతులో గర్వం ఉంది.

చిప్ప అతని చేతిలో వెచ్చగా ఉంది. నిన్నటివరకూ ఏడో వంతు. తను చుట్టంగా వచ్చినందుకు ఈ పూట ఎనిమిదో వంతు.

అతను లేచి తన చిప్పలో గంజి తీసుకెళ్ళి సన్నెమ్మ చిప్పలో పోశాడు. కొంత నేల మీద పడింది. షెడ్డులో అందరూ తినడం ఆపారు.

"మా కూడు తాగవేటి బాబూ," అన్నాడు దానయ్య మెల్లగా.

*

పామును సగం కొట్టి వదలకూడదని పల్లెలో అందరికీ తెలుసు. క్షయ క్రిమీ అంతే. నాలుగు నెలల పాటు రోజూ చావని దెబ్బ తిని, ఆ మందు రుచి మరిగి, దాన్ని లెక్కచెయ్యడం మానేసింది. సన్నెమ్మ ఊపిరితిత్తుల్లో ఉన్నది ఇప్పుడు మొదటి మందుకు లొంగేది కాదు. పెద్దాసుపత్రిలో అద్దాల గదిలో పెట్టి పెద్ద మందులు మొదలుపెట్టారు.

అసిరినాయుడు రోజూ వెళ్ళేవాడు. మొదటి రోజునే నర్సు గొడవపడింది. పిల్ల మాత్రలు మింగడం లేదు, ఒకటి మింగి మిగతావి అరచేతిలో దాచుకుంటోంది అంది. అతను ముసుగు కట్టుకుని లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎందుకమ్మా దాచావు?"

"అమ్మకీ, తాతకీ, మిగతావోళ్ళకీ," అంది పిల్ల. "ఇక్కడ పంచీవోళ్ళు ఎవులూ నేరు."

"వాళ్ళందరికీ మిల్లులో వేరేగా ఇచ్చాం."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల నమ్మి, మిగతా మాత్రలు ఒక్కొక్కటే మింగింది. మింగి నీరసంగా పడుకుని, పూస ఎందుకు విప్పేశారని అడిగింది. పచ్చది బాగుండేదట. ఒళ్ళు బాగుపడ్డాక మళ్ళీ కడతావా మావా అని అడిగింది. కడతానన్నాడు. ఒక్క పూటలో రెండు అబద్ధాలు.

మిల్లు నుంచి రోజూ ఒక చిన్న గిన్నె వచ్చేది. ఆ రోజు వాళ్ళు వండుకున్నదాంట్లో ఏడో వాటా. ఒక రోజు కూర, ఒక రోజు ఉత్తి గంజి, ఒక రోజు ఎవరో ఇచ్చిన అరటిపండులో వేలెడు ముక్క. ఆసుపత్రిలో అంతకన్నా మంచి తిండే పెడుతున్నారు. పిల్ల అదీ తినలేకపోతోంది, ఇదీ తినలేకపోతోంది. అయినా గిన్నె మూత తీసి చూపించమనేది. చూసి మూసెయ్యమనేది. అద్దం అవతల అప్పలకొండ నేల మీద కూర్చుని, పిల్ల ఎన్నిసార్లు దగ్గిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది.

నలభై మూడో రోజు పొద్దున్న, తల దువ్వించుకోవాలని నర్సును అడిగి, దువ్వుతుండగానే సన్నెమ్మ పోయింది.

అసిరినాయుడు ప్రయోగశాలకు వెళ్ళి, పూస కొలతను తిరిగి పైకి జరిపాడు. మర్నాడు తెర చూస్తే నాలుగువందల పన్నెండు పచ్చచుక్కల్లో అరవై ఏడు ఎర్రబడి ఉన్నాయి. ఒక్కొక్కరినే కనుక్కుంటే, ఎక్కువమంది పడవల్లో వచ్చినవాళ్ళే. పొత్తు ఒక్క నాలుగో పడవది కాదు. నడిసముద్రంలో బతికి బయటపడ్డ ప్రతి పడవా అదే నేర్చుకుని వచ్చింది. నాలుగో పడవలో మిగిలిన ఆరుగురికీ మళ్ళీ పూసలు కడితే, దానయ్యదీ, అన్నదమ్ముల్లో చిన్నవాడు ఎర్నాయుడిదీ ఎర్రబడ్డాయి. ఇద్దరిలోనూ సన్నెమ్మను చంపిన క్రిమే. అద్దాల గదులు ఖాళీ లేక వాళ్ళని మిల్లులోనే ఉంచి కొత్త మందులు ఇచ్చారు. ఎవరి మందు వాళ్ళే వేసుకోవాలని గేటు దగ్గర గట్టిగా చెప్పి పంపారు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

చెప్పాల్సింది తనేనని అసిరినాయుడికి తెలుసు. గవరమ్మ వద్దంది.

"నిజం సెప్తే ఆ తల్లి బతకదు బాబూ. పిల్ల రోగంతో పోయిందనుకోనీ. నివ్వు పుణ్యం కట్టుకో."

"చెప్పకపోతే ఆ మందూ గంజిలో కలుస్తుంది పిన్నీ."

గవరమ్మ నాను కూడా వస్తాను పద అని చెప్పులు వేసుకుంది. మిల్లు లోపలికి ఆమె అడుగుపెట్టి ఏడు నెలలయింది.

*

అప్పలకొండ షెడ్డు బయట నీడలో గోనెసంచులు కుడుతోంది. దబ్బనం గోనెలోకి దిగుతోంది, పురికొస సర్రున వెంట వస్తోంది. అసిరినాయుడు ఆమె ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

చెప్పదలచుకున్నదంతా దారి పొడుగునా పేర్చుకుని వచ్చాడు. పూస తప్పు చెప్పిందని, దాన్ని అలా చేసింది తనేనని, ఎంత మందు పడితే పిల్ల బతికేదో అంత పడలేదని, మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని, ఇందులో మీ తప్పు ఆవగింజంత లేదని చెప్పాడు. ఆమె వింటూ రెండు సంచులు కుట్టింది. మూడో సంచిలో దబ్బనం సగం దిగి ఆగింది.

"అంటే, మా ఆరుగురం దాని మందు తాగీసినాం."

"అమ్మా, తప్పు నాది."

"నీది నివ్వు సూసుకో. నాది నన్ను సెప్పనీ. తాగీసినాం గదా?"

"తాగారు," అన్నాడు అసిరినాయుడు.

గవరమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అప్పలకొండ ఏడవలేదు. దబ్బనం గోనెలోంచి వెనక్కి లాగి, దారం కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"దానికొక్కదానికే అని ఒకరు సెయ్యనే సేసినారు బాబూ," అంది. "మా ఇంటాయన. పదకొండో నాడు సొక్కా లోపల అరసీసా నీళ్ళు దాచినాడు. గుంటకి దొంగసాటున పడతన్నాడు. దానయ్య మావ సూసినాడు. తిట్టనేదు, కొట్టనేదు. సీసా తీసి అందరికీ పంచినాడు. మా ఆయనకీ ఆయన వాటా ఇచ్చినాడు. ఆయన అది తాగినాడు. తాగి ఇంక తలెత్తనేదు. ఎవులూ ఏటీ అన్నేదు, అయినా ఎత్తనేదు. మర్నాడు తెల్లారి సూస్తే ఓడలో నేడు, నీట్లోకి దిగిపోనాడు."

గవరమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"మరి నాను దానికొక్కదానికే మందు ఎలాగ పెట్టీదాన్ని సెప్పు. ఆ ఐదుగురి ముందర ఏ మొకం పెట్టుకుని పెట్టీదాన్ని."

అప్పలకొండ జవాబు కోసం చూడకుండా, దానయ్య మావకీ చిన్నవాడికీ కొత్త మందు ఎప్పుడిచ్చారని అడిగింది. నిన్న పొద్దున్న అన్నాడతను. ఆమె ముఖం మారింది. రాత్రి గంజి కొత్తరకం చేదుగా ఉందని, ఏదో ఆకు కలిపారనుకున్నానని అంటూనే లేచి షెడ్డులోకి నడిచింది.

పొయ్యి దగ్గర దానయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు సన్నికల్లు, దాని మీద ఈ పూట వేసుకోవాల్సిన తన నాలుగు మాత్రలు, చేతిలో పొత్రం. మిగతా నలుగురూ చిప్పలు పట్టుకుని చుట్టూ ఉన్నారు. అప్పలకొండ వంగి మాత్రలు ఏరి దానయ్య అరచేతిలో పోసింది. చెంబుతో నీళ్ళు పక్కన పెట్టింది.

"మింగీ మావా. నాలుగూ నీయే."

"నానొక్కుణ్ణే?"

"నివ్వొక్కుడివే."

ముసలాయన అరచేతి వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూశాడు. మాత్రలు తిరిగి సన్నికల్లు మీద పెట్టబోయాడు. అప్పలకొండ అతని ముందు కూలబడి, పంచుకున్నందుకే సన్నెమ్మ పోయిందని చెప్పింది. మూడు మాటల్లో చెప్పింది. అసిరినాయుడు పేర్చుకొచ్చిన మాటలేవీ అందులో లేవు.

వంటమనిషి చేతిలోని చిప్పను బోర్లించి నేల మీద పెట్టాడు.

"నా ముసలి కట్టె ఉంటే ఎంత, పోతే ఎంత. నీళ్ళు పంచీసింది ఈ సెయ్యే," అన్నాడు దానయ్య. "ఈ సేత్తో ఒక్కుణ్ణే తిననేను అమ్మీ. నా వల్ల అవదు."

"తినాల," అంది అప్పలకొండ. "నివ్వు తినకపోతే నిన్ను సూసి సిన్నోడూ తినడు. తిను. నాను సెప్తన్నాను. నాకంటే ఎవులు సెప్తారు నీకు?"

దానయ్య ఒక మాత్ర నోట్లో వేసుకున్నాడు. అది గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. రెండోది వేసుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. మూడోది, నాలుగోది. ఎర్నాయుడు అది చూసి తన మాత్రలు కూడా గప్పున నోట్లో పోసుకుని గోడ వైపు తిరిగిపోయాడు. గవరమ్మ చెంబు అందుకుని వాడికి నీళ్ళిచ్చింది.

దానయ్య తల దించుకున్నాడు. గవరమ్మ పిలిచినా ఎత్తలేదు, అసిరినాయుడు తాతా అన్నా ఎత్తలేదు. కాసేపటికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, బయటికి పోయొస్తానని ఎవరితోనూ కాకుండా అన్నాడు. మిల్లు వెనక గోడ దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

అప్పలకొండ అతని మణికట్టు పట్టుకుంది. కూచో మావా అంది. అతను కూర్చున్నాడు. ఆమె సంచులు అలాగే వదిలేసింది, పొయ్యి ఆరిపోయినా చూడలేదు. పొద్దు వాలేదాకా ఆ ముసలాయన పక్కనే గోడకి జారబడి కూర్చుని, ఆ చెయ్యి వదలలేదు.